రోడ్డు వెడల్పు, రైలు దూరం

హైదరాబాద్‌లోని ఉప్పల్ చౌరస్తాలో నడిచేవాళ్ళ దారి నేలకు 6 మీటర్ల ఎత్తున ఉంది. మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ కట్టించిన ఆ స్కైవాక్ 2023 జూన్ 26న ప్రారంభమైంది. 660 మీటర్ల పొడవున చౌరస్తాను చుట్టివచ్చి, బస్టాపులనూ మెట్రో స్టేషన్‌నూ కలుపుతుంది. మెట్లతో పాటు లిఫ్టులు, ఎస్కలేటర్లు కూడా పెట్టారు. వరంగల్ బస్సు దిగినవాళ్ళు సంచులు, పిల్లలతో వాహనాల మధ్య నుంచి పరుగెత్తకుండా మెట్రో అందుకోవడానికి అది వచ్చాకే వీలైంది. మంచి పనే. కానీ దాన్ని కట్టవలసి వచ్చిందంటేనే నేల మీద దారి ఎవరిదైపోయిందో తెలుస్తుంది.

నాలుగు వైపుల నుంచి వాహనాలు ఇక్కడికి చేరతాయి. వరంగల్ వైపు 163వ నంబరు జాతీయ రహదారి, నాగోలు మీదుగా ఎల్బీనగర్ వెళ్ళే రింగ్ రోడ్డు, అంబర్‌పేటకు పోయే రామంతాపూర్ రోడ్డు, హబ్సిగూడ మీదుగా సికింద్రాబాద్ దారి. రద్దీ తగ్గించడానికని చౌరస్తా నుంచి నారపల్లి దాకా 6.2 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్ తలపెట్టి, 2018 మేలో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ చేత శంకుస్థాపన చేయించారు. ఏడేళ్ళు గడిచి 2025 వచ్చినా అది పూర్తి కాలేదు. ఈలోగా బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, ఘట్‌కేసర్ వైపు కాలనీల మీద కాలనీలు వెలిశాయి. వంతెన రేపు పూర్తయినా, అది మొదట లెక్కవేసిన రద్దీకి సరిపోవచ్చునేమో కానీ ఇప్పటి రద్దీకి కాదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే రోడ్డును కాదు, రోడ్డుకు రెండు పక్కలా ఉన్న నేలను చూడాలి. ఇల్లు ఎక్కడ కట్టవచ్చు, కార్ఖానా ఎక్కడ పెట్టవచ్చు, దుకాణం ఎక్కడ తెరవవచ్చు అని భూ వినియోగ చట్టం నిర్ణయిస్తుంది. ఇంటికీ పనికీ మధ్య దూరాన్ని కూడా నిజానికి ఆ చట్టమే నిర్ణయిస్తుంది. ఆ దూరం 2 కిలోమీటర్లయితే మనిషి నడుస్తాడు, సైకిలెక్కుతాడు. 20 కిలోమీటర్లయితే బండి కొంటాడు. నగరం గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ లెక్కలో పెద్ద భాగం బండి కొనకముందే, మాస్టర్ ప్లాన్ రంగుల పటంలోనే ఖాయమైపోతుంది.

తూర్పు హైదరాబాద్‌లో ఆ పటం ఇప్పుడు మారుతోంది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి, కుషాయిగూడ, చర్లపల్లి: గత శతాబ్దం ద్వితీయార్ధంలో నగరం అంచున ఒకదాని వెంట ఒకటి పారిశ్రామికవాడలు వెలసిన ప్రాంతాలివి. ఉపాధి పెరగాలని ప్రభుత్వం ఆ రోజుల్లో పరిశ్రమలకు చౌకగా భూములిచ్చింది. నాచారంలో మందుల పరిశోధన సంస్థలు, ఆహార పదార్థాల యూనిట్లు, ఇంజనీరింగ్ షెడ్లు, అచ్చు యంత్రాలు, గోదాములు పక్కపక్కనే పనిచేస్తున్నాయి. వాటి చుట్టూ కార్మికుల బస్తీలు పుట్టాయి, ఆ బస్తీల కోసం ఈఎస్ఐ ఆసుపత్రి వచ్చింది. 2007 ఏప్రిల్‌లో ఉప్పల్ కలాన్ సహా 12 మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పాటు చేసేనాటికే ఒకప్పటి నగరం అంచు నగరం నడుమకు వచ్చేసింది.

అప్పటి నుంచి ఈ భూముల మీద రెండు పెద్ద నిర్ణయాలు వచ్చాయి. 2020 చివర్లో తెచ్చిన గ్రిడ్ విధానం, ఐటీ ఉద్యోగాలన్నీ పడమటి హైదరాబాద్‌కే పోకుండా తూర్పు పారిశ్రామికవాడల్లోని ప్లాట్లను ఐటీ పార్కులుగా మార్చుకునే వీలు కల్పించింది. రెండోది ఇంకా పెద్దది. 2025 నవంబరులో ప్రభుత్వం 27వ నంబరు జీవోతో హైదరాబాద్ పారిశ్రామిక భూముల బదలాయింపు విధానాన్ని ప్రకటించింది. జనం నోట అది ‘హిల్ట్’. ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాని చుట్టుపక్కల ఉన్న 22 పారిశ్రామికవాడల్లో సుమారు 9,292 ఎకరాలు దీని పరిధిలోకి వచ్చాయి. ఉప్పల్, నాచారం ఆ జాబితాలో ఉన్నాయి. కాలుష్య పరిశ్రమలు ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి వెళ్ళాలి, ఇక్కడి స్థలాల్లో ఇళ్ళు, ఆఫీసులు, ఆసుపత్రులు, బడులు కట్టుకోవచ్చు, అందుకు ప్రభుత్వానికి రుసుము చెల్లించాలి. విధానం సారాంశం ఇది. భూములు కారుచౌకగా చేతులు మారతాయని ప్రతిపక్షాలు గట్టిగా విమర్శించాయి, హైకోర్టులో పిటిషన్లు కూడా పడ్డాయి. ఆ వివాదంలో ధర గురించి చాలా మాట్లాడారు. దూరం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

రుసుము లెక్కను చూస్తే విషయం అర్థమవుతుంది. ప్లాటు ముందున్న రోడ్డు 80 అడుగులకు తక్కువైతే రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, 80 అడుగులు లేదా అంతకు మించితే 50 శాతం కట్టాలి. అంటే చట్టం కొలిచింది రోడ్డు వెడల్పును. మెట్రో స్టేషన్‌కు 300 మీటర్లలో ఉన్న ప్లాటుకూ, స్టేషన్ ఊసే లేని చోట ఉన్న ప్లాటుకూ రోడ్డు ఒకే వెడల్పున్నదైతే శాతం ఒకటే.

ఇది హిల్ట్‌తో మొదలైన అలవాటు కాదు. ముంబై సహా అనేక నగరాల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలనే హద్దు ఉంటుంది. దాన్ని ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. అది 2 అయితే 1,000 గజాల స్థలంలో అన్ని అంతస్తులూ కలిపి 2,000 గజాలకు మించకూడదు. హైదరాబాద్‌లో 2006 మార్చిలో వచ్చిన 86వ నంబరు జీవో ఆ హద్దును తీసేసింది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు జీవో అదే పద్ధతిని కొనసాగించింది. ఇక్కడ భవనం ఎత్తును ప్రధానంగా తేల్చేవి రెండే: ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలవలసిన ఖాళీ. అగ్నిమాపక శకటం తిరగాలి, గాలీ వెలుతురూ రావాలి కనుక ఆ షరతులు అవసరమే. కానీ వెడల్పు రోడ్డే ఎత్తుకు అనుమతి అయినప్పుడు, ప్రతి భవనమూ వెడల్పు రోడ్డును కోరుతుంది, ఆ రోడ్డు మీదికి మరిన్ని కార్లను పంపుతుంది. పార్కింగ్ నిబంధన దీనికి తోడు. కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం బండ్లకు వదలాలన్నది ప్రధానంగా భవనం రకాన్ని బట్టి సాగే లెక్క. తిరిగే చోటుతో కలిపి ఒక కారుకు 25 నుంచి 30 చదరపు మీటర్లు కావాలి. రెండు కార్లు నిలిపే జాగాలో ఒక చిన్న కుటుంబం ఉండగలిగే రెండు గదుల ఇల్లు పడుతుంది.

ఇదే నేలను రైలు వైపు నుంచి చూద్దాం. హైదరాబాద్ మెట్రో 2017 నవంబరు 28న ప్రారంభమైంది. మర్నాటి నుంచి ప్రయాణికులను ఎక్కించుకుంది. మొదటి 30 కిలోమీటర్లలోనే తూర్పు కొస నాగోలు ఉంది. నాగోలు, ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక స్టేషన్లు వరుసగా వస్తాయి. 2019 నవంబరుకు అదే లైను రాయదుర్గం చేరింది. పడమటి ఐటీ కారిడార్‌కు బండి లేకుండా వెళ్ళే దారి తూర్పు హైదరాబాద్‌కు దొరికింది.

మామూలు మనిషి స్టేషన్‌కు ఎంత దూరం నడుస్తాడు? 2017లో కేంద్రం ప్రకటించిన జాతీయ విధానం స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల ప్రాంతాన్ని రైలు ప్రభావ పరిధిగా తీసుకుంది. 500 మీటర్ల వృత్తంలో 194 ఎకరాలు, 800 మీటర్ల వృత్తంలో 497 ఎకరాలు పడతాయి. వ్యాసార్ధం 300 మీటర్లు పెరిగితే భూమి రెండున్నర రెట్లు అవుతుంది. వేల కోట్లు పోసి కట్టిన రైలుకు ప్రయాణికులను నడిపించి తెచ్చే నేల ఇదే. ఉప్పల్ పారిశ్రామికవాడ మెట్రో లైనుకు దగ్గర్లోనే ఉంది. నాచారం హబ్సిగూడ స్టేషన్‌కు రెండు మూడు కిలోమీటర్లు, అంటే నడకకు ఎక్కువ, ఆటోకు తక్కువ. ఒకే జాబితాలో ఉన్న ఈ రెండింటికీ వేర్వేరు నిబంధనలు కావాలని దీన్నిబట్టే తెలుస్తోంది.

పటం మీద గీసిన వృత్తం వేరు, కాలు నడిచే దారి వేరు. పారిశ్రామికవాడల్లో ప్లాట్లు పెద్దవి, ప్రహరీలు పొడవైనవి. లారీల కోసం వేసిన రోడ్లు దూరదూరంగా ఉంటాయి. కళ్ళెదుట కనిపించే స్టేషన్‌కు గోడ చుట్టూ తిరిగి రావాలి. 500 మీటర్లు 1,200 మీటర్లయితే, మే నెల ఎండలో ఎవరూ నడవరు. షెడ్డు పడగొట్టి అదే ప్రహరీ లోపల గేటు పెట్టిన టవర్లు కడితే ఆ గోడ మరో 50 ఏళ్ళు ఉంటుంది. పాత ప్లాట్ల మధ్య నుంచి ప్రజల కోసం సన్న దారులు తీయడానికి దొరికే అవకాశం భూ వినియోగం మారే ఈ ఒక్క సందర్భంలోనే. ఆ తర్వాత ప్రతి గజమూ కోర్టు కేసే.

స్టేషన్ చుట్టూ ఉన్న నేలను బండ్లకే వదిలేస్తే ఏమవుతుందో నాగోలు చూపించింది. 2024లో అక్కడి ఉచిత పార్కింగ్‌కు రుసుము పెడతామనగానే ప్రయాణికులు ఆందోళనకు దిగారు. వాళ్ళ కోపంలో న్యాయముంది. ఘట్‌కేసర్, బోడుప్పల్ నుంచి స్టేషన్‌కు సరైన చిన్న బస్సు లేనప్పుడు బండి తప్ప గతేమిటి? కానీ ఎకరం స్థలంలో నిలిచే కార్లు మహా అయితే 160. మూడు పెట్టెల మెట్రో రైలు ఒక్కసారికి వెయ్యి మంది దాకా ఎక్కించుకుంటుంది. ఎన్ని ఎకరాలు పార్కింగ్‌కిస్తే ఆ రైలు నిండుతుంది? స్టేషన్‌కు జనాన్ని తేవలసినవి బస్సులు, షేర్ ఆటోలు, నడక దారులు, పక్కనే ఉండే ఇళ్ళు.

బ్రెజిల్‌లోని కురితిబా నగరం ఈ లెక్కను చట్టంలో పెట్టింది. 1966లో మాస్టర్ ప్లాన్ ఆమోదించుకుని, 1974 నుంచి బస్సులకు ప్రత్యేక దారులు వేసింది. ఎత్తయిన భవనాలకు ఆ బస్సు మార్గాల వెంటే అనుమతి. మార్గానికి దూరమయ్యేకొద్దీ అనుమతించే ఎత్తు తగ్గుతుంది. రవాణా శాఖ, పట్టణ ప్రణాళిక శాఖ ఒకే పటం మీద పనిచేస్తే ఏమవుతుందో ఆ నగరాన్ని విమానం నుంచి చూసినా తెలుస్తుంది. ఎత్తయిన భవనాలు బస్సు దారుల వెంట బారులు తీరి కనిపిస్తాయి.

మరో ఉదాహరణ మనకు ఇంకా దగ్గరిది. ముంబై బట్టల మిల్లుల్లో నల్లగొండ, కరీంనగర్ వైపు నుంచి వెళ్ళిన పద్మశాలీలు తరాల పాటు పనిచేశారు. 1982లో మొదలైన పెద్ద సమ్మె తర్వాత మిల్లులు వరుసగా మూతపడ్డాయి. నగరం నడిబొడ్డున సుమారు 600 ఎకరాలు. 1991లో వచ్చిన 58వ నిబంధన ప్రకారం ఆ భూమిని అభివృద్ధి చేస్తే స్థూలంగా మూడో వంతు బహిరంగ స్థలానికి, మరో మూడో వంతు సామాన్యుల ఇళ్ళకు పోవాలి. 2001లో ఆ నిబంధనను సవరించి, వాటాల లెక్కను కట్టడాలు లేని ఖాళీ జాగాకే పరిమితం చేశారు. నగరానికి రావలసిన భూమి కొద్దిపాటిగా మిగిలింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. మిల్లుల స్థలాల్లో మాల్స్, టవర్లు లేచాయి. హిల్ట్ విషయంలో రుసుము ఎంత అన్నదొక్కటే అడిగితే మనమూ అలాగే మోసపోతాం. డబ్బు ఖజానాకు వెళ్ళి ఖర్చవుతుంది. పార్కుకు, బడికి, దారికి, కిరాయి ఇళ్ళకు వదలని భూమి తిరిగి రాదు.

పరిశ్రమలను పంపేయడం పర్యావరణానికి మంచిదనే మాటను కూడా తరచి చూడాలి. కాలుష్యం చిమ్మేవి వెళ్ళాలి, అందులో రెండో మాట లేదు. ఆ పొగ, ఆ వాసన దశాబ్దాలుగా పీల్చింది పక్క బస్తీల వాళ్ళే. కానీ అన్నీ అలాంటివి కావు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు వంటి తరగతులుగా విభజించింది. దాదాపు కాలుష్యమే లేని తెలుపు తరగతిని 2016లో చేర్చింది. అలాంటి యూనిట్లు ఇళ్ళ పక్కనే ఉండవచ్చు. చిలుకానగర్ నుంచో మల్లాపూర్ నుంచో నడిచి ప్యాకింగ్ పనికి వచ్చే మహిళకు ఆ యూనిట్ 20 కిలోమీటర్ల దూరం పోతే ఏమవుతుంది? సాధారణంగా ఉద్యోగం పోతుంది. బండి ఉన్న కార్మికుడైతే రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతాడు. లీటరుకు 50 కిలోమీటర్లు వస్తుందనుకుంటే 300 పనిదినాలకు 240 లీటర్ల పెట్రోలు. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ముప్పావు కిలో బరువైన పెట్రోలు నుంచి అంత ఎలా వస్తుందంటే, మండేటప్పుడు అందులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది. మొత్తం మీద ఒక్క కార్మికుడి ప్రయాణానికే ఏడాదికి 552 కిలోలు, ఇంటి ఖర్చులో పాతిక వేల రూపాయల దాకా. నగరం లోపల గాలి శుభ్రపడిందని చెప్పుకునే లెక్కలో ఈ పద్దు కూడా రాయాలి.

మట్టి సంగతి ఇంకొకటి. నగరంలోని మరో పారిశ్రామికవాడ కాటేదాన్ నేలను జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్, కాడ్మియం అధికంగా ఉన్నట్టు తేలింది. భార లోహాలు కుళ్ళి పోయేవి కావు. మట్టి రేణువులకు అంటుకుని ఏళ్ళ తరబడి ఉంటాయి, ధూళిగా లేస్తాయి, మెల్లగా భూగర్భ జలంలోకి దిగుతాయి. పిల్లల ఎదుగుతున్న మెదడుకు సీసం ప్రమాదకరం. పరిశ్రమ నడిచిన నేల మీద బడి కట్టేముందు మట్టిని పరీక్షించడం తప్పనిసరి కావాలి. ఆ పరీక్ష చేయగల సంస్థ పేరుతో ఈ మెట్రో లైను మీదే ఒక స్టేషన్ ఉంది.

ఇక నీళ్ళు. 2020 అక్టోబరు 13న కురిసిన వాన ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటింది. హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్‌లలో కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్ల నీరు. మెత్తటి నేలైతే కొంత ఇంకుతుంది, రేకుల షెడ్డూ సిమెంటు గచ్చూ ఉన్నచోట దాదాపు అంతా నాలాల్లోకి పోతుంది. నాచారం పెద్ద చెరువు, రామంతాపూర్ చెరువు, ఉప్పల్ నల్ల చెరువు ఆ నీటిని ఆపి నెమ్మదిగా మూసీకి పంపడానికే ఉన్నాయి. 168వ జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంతకు పెద్ద చెరువు చుట్టూ 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు ఏమీ కట్టకూడదు. కొత్త కట్టడాలకు కేవలం ఆ హద్దు పాటించడం చాలదు. తమ ప్లాటులో పడిన వానలో ఎంత భాగాన్ని అక్కడే నిలిపి ఇంకిస్తారో చూపిస్తేనే అనుమతి ఇవ్వాలి. చెరువు మళ్ళీ బతుకుతుందా అనే సందేహం ఉన్నవాళ్ళు అంబర్‌పేట వెళ్ళి చూడవచ్చు. చెత్తతో పూడిపోయిన బతుకమ్మ కుంటను తవ్వి నీళ్ళతో నింపి 2025 సెప్టెంబరులో జనానికి తెరిచారు.

మిగిలే షెడ్ల విషయంలోనూ ఒక విధానం సిద్ధంగానే ఉంది. 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం నివాసేతర భవనాలకు ఎండను తిప్పికొట్టే కప్పు ఉండాలంటోంది. నాచారం రేకుల కప్పుల కింద వేసవిలో యంత్రాల పక్కన నిలబడి పనిచేసేవాళ్ళకు ఇది విలాసం కాదు.

ఇవన్నీ విడివిడి శాఖల ఫైళ్ళలో ఉన్నాయి. మెట్రో ఒక సంస్థది, బస్సులు మరొకరివి, పారిశ్రామిక భూములు రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీవి, పటం హెచ్‌ఎండీఏది. ప్లాటు తర్వాత ప్లాటుగా అనుమతులు ఇచ్చుకుంటూ పోతే ఇవి ఎప్పటికీ కలవవు. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ వాడలకు ఉమ్మడి నక్షాను ముందు ప్రకటించాలి, అనుమతులు తర్వాత. రుసుము, ఎత్తు, పార్కింగ్ మూడింటినీ స్టేషన్ నుంచి నడక దూరంతో ముడిపెట్టాలి. స్టేషన్ దగ్గర కట్టేవాళ్ళకు పార్కింగ్ బరువు తగ్గించి, బదులుగా సామాన్యులకు అందే అద్దె ఇళ్ళు కట్టించాలి. నాచారం నుంచి హబ్సిగూడ స్టేషన్‌కు పది నిమిషాలకొక చిన్న ఎలక్ట్రిక్ బస్సు ముందు నడపాలి, టవర్లకు ఆ తర్వాతే అనుమతి.

హైదరాబాద్ ప్రాంతానికి కొత్త మాస్టర్ ప్లాన్ తయారవుతోంది. ముసాయిదా మీద అభ్యంతరాలు, సూచనలు రాసి ఇచ్చే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. సాధారణంగా ఆ కాగితాల్లో ఎక్కువ భాగం సొంత సర్వే నంబరు గురించే ఉంటుంది. ఈసారి ఉప్పల్, నాచారం, హబ్సిగూడ కాలనీ సంఘాలు ఇంకొక్క వివరం కూడా రాసి పంపాలి: తమ గల్లీ నుంచి దగ్గరి స్టేషన్‌కు నడవాల్సిన దూరం ఎన్ని మీటర్లు, ఆ దారిలో అడ్డొచ్చే గోడలు ఎన్ని.